ఊడ్చిన నేల

మా ఇంటికి ఇప్పుడెవరొచ్చినా ముందు వాళ్ళ కళ్ళబడేది కానుగచెట్ల కింద చీలమండలు మునిగేటంత ఆకు. చూసి ముక్కు చిట్లిస్తారు. "అప్పాయమ్మకి ఒళ్ళు బరువెక్కింది, మొగుడు పోయాక చీపురు కూడా పట్టడం లేదు" అని వీధిలో అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీండి, నోళ్ళకి తాళాలు వెయ్యగలనా? ఒకప్పుడు ఇదే ఊళ్ళో అత్తలు కొత్త కోడళ్ళకి నన్ను చూపించేవారు. "వెళ్ళి అప్పాయమ్మ వాకిలి చూసిరా, నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు" అనేవారు. ఆ మాట వింటే నాకు రెండు పూటలా అన్నం తినక్కర్లేకపోయేది. ఇప్పుడదే మాట ఎవరైనా గుర్తుచేస్తే చెంప ఛెళ్ళుమనిపించినట్టుంటుంది.

మా ఆయన పేరు బుల్లబ్బాయి. మాట మెత్తన, మనసు మరీ మెత్తన. నా నోరు సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. ఆయనకి ఒక్కతే చెల్లెలు, మాణిక్యాంబ. గోదావరి అవతల, ద్రాక్షారామం పక్క పల్లెలో ఇచ్చారు. పెళ్ళిలో మా మావగారు మా ఎకరాన్ని ఆనుకునే ఉన్న అరెకరం ఆవిడకి పసుపు కుంకుమ కింద రాసిచ్చారు. రెండూ కలిపి మా ఆయనే సాగు చేసేవారు. నూర్పిళ్ళయిన వారం తిరక్కుండా చెల్లెలి బస్తాలు పంటు పడవెక్కించి, కోటిపల్లి రేవు దాటించి, తనే వెళ్ళి ఆవిడ ఇంట్లో దించి వచ్చేవారు. మనిషిని పంపిస్తే సరిపోతుంది కదా అంటే వినేవారు కాదు. ఆ రోజు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు బయల్దేరేవారు. "నా చెల్లెలు అన్నం వండితే ఆ బియ్యం నావి అవ్వాలే" అనేవారు. నాకు కొంచెం ఈర్ష్యగా కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

తొంభై మూడులో మా వైపు రొయ్యల పిచ్చి పట్టింది. ఉప్పుటేటికి దగ్గరగా ఉన్న చేలన్నీ చెరువులైపోయాయి. నిన్నటిదాకా గోచీ పెట్టుకు నాట్లేసినవాడు మోటారు సైకిలెక్కాడు. అది చూసి మా ఆయనకీ ఆశ పుట్టింది. ఎకరంలో చెరువు చాలదు, ఎకరన్నరైతేనే గిట్టుబాటు అని ఎవరో చెప్పారు. అంతే, మాణిక్యం అరెకరం కూడా కలిపి తవ్వించేశారు. ఆవిణ్ణి అడగలేదు. "అడిగితే ఒప్పుకోదు. ముందు పంట తీసి, గాజులు చేయించి చేతికి తొడిగి, అప్పుడు చెబుతాను" అన్నారు. వద్దని నేనూ అనలేదు. ఆ గాజుల జతకి తోడు నాకూ ఒక జత వస్తుందని లెక్కేసుకున్నాను.

గాజులూ లేవు, గవ్వలూ లేవు. ఏడాదిన్నర తిరిగేసరికి తెల్లమచ్చ తెగులొచ్చి చెరువు చెరువంతా రొయ్యలు తేలాయి. ఉప్పునీళ్ళు తోడి తోడి పోసిన చెరువు కదా, ఎండాక అడుగున నేల తెల్లగా పొడికట్టి ఉంది. నాలిక్కి రాసుకుంటే ఉప్పే. గడ్డి లేదు, పురుగు లేదు, కాకి కూడా వాలేది కాదు.

ఎవరి నోటో విని ఆ వేసవిలో మాణిక్యం వచ్చింది. ఇంట్లోకి రాలేదు, తిన్నగా గట్టెక్కి నిలబడింది. ఏది తన అరెకరమో, ఏది మా ఎకరమో కూడా తెలియడం లేదక్కడ. చాలాసేపు చూసి, "నా పసుపు కుంకుమలో ఉప్పు పోశావు అన్నయ్యా" అంది. ఆయన చేతులు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"నా చేను మళ్ళీ పచ్చబడిన రోజు నీ గడప తొక్కుతాను. అప్పటిదాకా నాకు నువ్వు లేవు, నీకు నేను లేను" అంది.

మంచినీళ్ళు తెస్తే తాగలేదు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. మా ఆయన ఆ మాటని మాటగా తీసుకోలేదు, శాసనంగా తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే పని, ఆ చేను పచ్చబడాలి, చెల్లెలు రావాలి.

ఆ మరుసటేడు తుపానొచ్చి మిగిలిన కొబ్బరి నాలుగు మొక్కల్నీ పడేసి, ఉప్పునీళ్ళు మరోసారి చేను మీదకి తోలి పోయింది. దాని తర్వాత మండలం ఆఫీసు నుంచి శశిభూషణ్ గారని కుర్ర వ్యవసాయాధికారి ఒకరు వచ్చారు. మట్టి చేత్తో తీసి చూసుకుని, "గట్లు తెంపండి. వాన నీళ్ళు నిలబెట్టి, వదిలి, మళ్ళీ నిలబెట్టి వదలండి. తొలకరికి పచ్చిరొట్ట ఎరువు కింద జీలుగ చల్లి అందులోనే తొక్కించండి. చెట్లు వెయ్యండి బుల్లబ్బాయి గారూ. కానుగ, సరుగుడు ఉప్పుకి తట్టుకుంటాయి. సాళ్ళుగా నాటండి. వేళ్ళు దిగితే నేల గుల్లబారుతుంది. మిగతాది చెట్లే చూసుకుంటాయి" అన్నారు.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అన్నారు మా ఆయన.

"అయిదారేళ్ళు ఓపిక పట్టాలండి."

"పడతానండి ఆయ్" అన్నారు ఈయన, రేపే అన్నట్టు.

ఆకు గురించి ఆ అధికారి విడిగా ఏమీ చెప్పలేదు. ఆయన్ని తప్పు పట్టను. చెట్టు రాల్చిన ఆకుని రాల్చినట్టే ఎత్తి పారేసే మనిషి ఒకతి ఆ ఇంట్లో ఉందని ఆయనకి కల వస్తుందా?

తొంభై ఏడు తొలకరికి నాటాం. ఆయన గొయ్యి తీస్తే నేను మొక్క పెట్టాను. వేసవిలో ఊరి చెరువు నుంచి బిందెలతో మంచినీళ్ళు మోశాను. సగం చచ్చాయి, మళ్ళీ వేశాం. మళ్ళీ కొన్ని చచ్చాయి, మళ్ళీ వేశాం. మూడో ఏటికి కానుగలు మనిషెత్తు దాటాయి. మా ఇల్లు చేను అంచునే. చెట్లు ఎదిగి నీడొచ్చేసరికి ఆ ఎకరన్నరా నాకు వాకిలైపోయింది. వాకిలన్నాక ఊడవాలి కదా? చెత్త ఉన్న చోట లక్ష్మి నిలుస్తుందా? మా అమ్మ నాకు నేర్పింది అదే, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది అదే. తెల్లారగట్ల లేచి ఇంటి ముందు కళ్ళాపి చల్లి, ఆ చీపురుతోనే చెట్ల కిందకి దిగేదాన్ని. కానుగాకు, సరుగుడు తుక్కు, ఎండుపుల్ల, ఏదీ వదిలేదాన్ని కాదు. ఎత్తినదాంట్లో సగం నీళ్ళ కాగు కిందకి, మిగతాది కాలవ గట్టు మీద కుప్పేసి అగ్గిపుల్ల గీసేదాన్ని. ఒక్క మూల మాత్రం ముట్టుకునేదాన్ని కాదు. అక్కడ పాముపుట్ట లేచింది. నాగులచవితికి పాలు పోసే చోట చీపురు పెడతామా, అపచారం.

మా ఆయన నన్ను చూసి మురిసిపోయేవారు. "అద్దంలా ఉంచుతున్నావే అప్పాయ్. మాణిక్యం వచ్చి చూస్తే ఆశ్చర్యపోతుంది" అనేవారు. నేనింకా రెచ్చిపోయి ఊడ్చేదాన్ని.

రోజూ సాయంత్రం చెల్లెలి అరెకరంలోకి వెళ్ళి చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని చూసేవారాయన. చిన్నపిల్లాడిలా ఏం పని అని తిట్టేదాన్ని. రెండువేల సంవత్సరం వానాకాలం వెళ్ళాక ఒకరోజు పరిగెత్తుకొచ్చారు. "ఉప్పు పోయిందే! ఒట్టు, ఉప్పు లేదు, మట్టి రుచే!" అని నా నోట్లో కూడా పెట్టబోయారు. ఆ వారంలోనే చెట్ల సాళ్ళ మధ్య మినుములు చల్లారు. మొలిచాయి. రెండాకులేసి, పాలిపోయి, అలాగే మాడిపోయాయి. మరుసటేడు పెసలు చల్లారు. అదే గతి. నేల పెంకులా గట్టిగా ఉండేది, వాన పడితే పైన జారిపోయేదే గానీ లోపలికి దిగేది కాదు. శశిభూషణ్ గారు అప్పటికే బదిలీ అయి వెళ్ళిపోయారు. మట్టి పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తే, ఉప్పు తగ్గింది గానీ సత్తువ లేదు అని కాగితం మీద రాసిచ్చారు. ఎరువు తెచ్చి చల్లారు, వానకి కొట్టుకుపోయింది.

ఆ కాగితం వచ్చాక మనిషి మారిపోయారు. "చెట్లు ఉప్పు తీసేశాయి. అయినా నేల పండనంటోంది. నేలకి నా మీద కోపం పోలేదే" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. "నేలకి కోపాలేంటండీ, మీ పిచ్చి గానీ!" అని కసిరేదాన్ని. "నువ్వు నీ వంతు ఒక్క పూట తప్పకుండా చేస్తున్నావు. తప్పు నాదే" అనేవారు.

లోవలక్ష్మి అని ఒకావిడ సముద్రం ఒడ్డు నుంచి ఎండు చేపలు తట్టలో పెట్టుకుని ద్రాక్షారామం వైపు అమ్మకానికి వెళ్ళేది. దారిలో మా ఇంటి దగ్గర ఆగి మంచినీళ్ళు తాగేది. "మా చెల్లెలు కనబడిందా?" అని అడిగేవారు మా ఆయన, ప్రతి వారం. "కనబడ్డారండి ఆయ్, బాగున్నారండి" అనేది. ఇంకేమైనా చెబుతుందేమోనని ఆ మనిషి మొహంలోకి చూస్తూ కూచునేవారు. అది తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయేది.

రెండువేల మూడు ఆశ్వయుజంలో ఆయనకి ఆయాసం ముదిరింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. కాకినాడ ఆసుపత్రిలో ఇరవై రోజులున్నాం. మంచం పక్కనే నేల మీద పడుకున్నాను. అక్కడ కూడా ఆయన కిటికీలోంచి వాన చూసి, "మన చేలో పడుతోందంటావా?" అనేవారు. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఎందుకలా అన్నారో మనకి అర్థమవుతుంది కదా. మా తమ్ముణ్ణి ఆయన దగ్గర ఉంచి, ఇల్లు సర్దుదామని నేను ఒక రోజు ముందు వచ్చాను.

వచ్చి చూద్దును కదా, చెట్ల కింద ఆకు పరుచుకుపోయి ఉంది. అది తడిసి, నల్లబడి, కాళ్ళకి అంటుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై రోజులు ఇంట్లో మనిషి లేకపోతే ఇల్లు ఇలాగా అయిపోతుంది అనుకుంటూ పోగేసి ఎత్తాను. మాణిక్యం అరెకరం మధ్యలోకి వెళ్ళేసరికి ఆకు కింద నుంచి గరిక లేచి ఉంది. ఒకటీ రెండూ పోచలు కాదు, రెండు చాపలు పరిచినంత మేర. లేత పచ్చగా, వాన నీళ్ళు పట్టుకుని.

నేను రైతు కూతుర్ని, రైతు పెళ్ళాన్ని. బుద్ధెరిగినప్పటి నుంచీ చేలో గరిక కనిపిస్తే చెయ్యి దానంతటదే పార మీదకి వెళ్తుంది. కలుపు కలుపే. మాణిక్యం "పచ్చబడిన రోజు" అన్నదంటే నా బుర్రలో వరే. పార తెచ్చి వేళ్ళతో సహా చెక్కేశాను. పొద్దుగూకేదాకా చెక్కాను, నడుం విరిగిపోయింది. రేపు ఆయన వచ్చి చూసుకుని సంతోషించాలి అన్నది ఒక్కటే నా ఆరాటం. చెక్కింది కాలవ గట్టు మీద పోసి, మిగిలిన మట్టి మీద చీపురు గీతలు సమంగా పడేటట్టు మరోసారి ఊడ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. మా తమ్ముడి భుజం పట్టుకుని చేను అంచుదాకా వెళ్ళి నిలబడ్డారు.

"ఇన్ని వానలు పడ్డాయి. ఏమీ రాలేదు కదే" అన్నారు.

"ఏమొస్తుంది, అంతా శుభ్రం చేసి పెట్టాను" అన్నాను, గొప్పగా.

తల ఊపారు. నెమ్మదిగా వెనక్కి వచ్చి మంచం మీద వాలారు. తర్వాత లేవలేదు. ఆరో రోజో ఏడో రోజో, "మాణిక్యానికి కబురు పంపనా?" అని అడిగాను. "వద్దే. అది మాట మీద నిలబడే మనిషి. నేను పోతున్నానని చెప్పి దాని మాట తప్పించకు. పచ్చబడ్డాక వస్తానంది, నేను పచ్చబెట్టలేకపోయాను" అన్నారు. ఇంటికొచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం కన్ను మూశారు.

కబురు తెలిసి మాణిక్యం వచ్చింది. గడప తొక్కింది. ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

కర్మకి రెండు రోజుల ముందు శశిభూషణ్ గారు వచ్చారు. మళ్ళీ మా వైపే పోస్టింగయిందట, విని పరామర్శకి వచ్చారు. చెట్లు చూసి, "ఎంత ఎదిగాయండీ!" అని లోపలికి నడిచారు. నాలుగడుగులు వేసి ఆగి కిందకి చూశారు.

"ఆకంతా ఏదమ్మా?"

"రోజూ ఊడ్చేస్తానండి. నాలుగేళ్ళలో ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒక్క పూట మానలేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా మనసు కీడు శంకించింది. "ఏంటండీ?" అంటే, "ఏం లేదమ్మా" అన్నారు. "చావింట్లో అబద్ధం ఆడకండి బాబూ, ఏంటో చెప్పండి" అని గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పారు, పాపం, నేల చూపులు చూస్తూ. వేళ్ళు చేసేది సగమేనట. రాలిన ఆకే నేలకి తిండట. అది కుళ్ళితే వానపాములు వస్తాయట, అవి మట్టిని గుల్ల చేస్తాయట, నీళ్ళు లోపలికి దిగుతాయట. ఊడ్చిన నేల ఎండకి కాలి, వానకి దెబ్బతిని పెంకు కడుతుందట.

"మీకేం తెలుసండీ!" అన్నాను. ఆయన మీద కోపం కాదది. ఆయన పుట్ట ఉన్న మూలకి నడిచారు. నాలుగేళ్ళుగా నేను ముట్టుకోని మూల. పుట్టకి దూరంగా వంగి, చేత్తో ఆకు పక్కకి తోశారు. కింద మట్టి నల్లగా ఉంది. వేళ్ళు గుచ్చితే మెత్తగా దిగిపోయాయి. రెండు వానపాములు బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోయాయి. చెట్లు అన్ని చోట్లా ఒకే తొలకరికి నాటాం. నీళ్ళు అన్నిటికీ నేనే పోశాను.

అప్పుడు గరిక గుర్తొచ్చింది. ఇరవై రోజులు నేను లేను. నేను లేని ఇరవై రోజుల్లో ఆ నేల మొలిచింది.

ఆ రోజు నుంచి ఆ చెట్ల కింద చీపురు పెట్టలేదు. మూడేళ్ళయింది. మట్టి రంగు మారింది, పోయినేడు మాణిక్యం అరెకరంలో మినుములు కాశాయి. జనం వచ్చి చూసి బుల్లబ్బాయి పుణ్యం అంటున్నారు. ఆ మినుములతో వేసిన గారె ముక్క నా గొంతు దిగలేదు. సరే, అది తర్వాతి మాట.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయారు. మాణిక్యం ఒక్కతే ఉండిపోయింది. నేనూ ఆవిడా అరుగు మీద కూచున్నాం. మొహం వాచిపోయి ఉంది. "నా ఉసురే తగిలింది వదినా" అంది. "ఆ రోజు గట్టు మీద నిలబడి అన్నాను చూడు, ఆ మాట నేలకి తగిలింది. అందుకే ఎన్ని చెట్లు వేసినా అది పచ్చబడలేదు. ఆ దిగులుతోనే అన్నయ్య పోయాడు. నేనే చంపుకున్నాను."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. శశిభూషణ్ గారు చెప్పే మనిషి కాదు. మాణిక్యం ఆ మాటే నమ్ముతూ బతికేసేది, నేను మంచిదాన్నిగా మిగిలిపోయేదాన్ని. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది, ఎందుకు దాచాలి. కానీ ఆవిడ గుండెలు బాదుకుంటుంటే చూడలేకపోయాను.

"నీ ఉసురూ కాదు, నీ మాటా కాదు మాణిక్యం. నేను" అన్నాను. అంతా చెప్పాను. ఆకు, కాగు, కాలవ గట్టు, పుట్ట మూల. గరిక సంగతి కూడా చెప్పాను.

అప్పటిదాకా ఏడుస్తున్న మనిషి ఆగిపోయింది.

"గరిక మొలిచిందా?" అంది.

"మొలిచింది. నీ అరెకరంలోనే."

"అన్నయ్య చూశాడా?"

"లేదమ్మా. ఆయన వచ్చేసరికి చెక్కేశాను."

తన అరచేతులు చూసుకుంది. తర్వాత అంది: "నేనేమన్నా వరి అడిగానా వదినా? ఎనిమిదేళ్ళ నుంచీ వారం వారం లోవలక్ష్మిని అడుగుతున్నాను, మా చేలో ఏమన్నా మొలిచిందా అని. నేనడిగానని చెప్పొద్దని దాని చేత ఒట్టేయించుకున్నాను. నోరు జారి అనేశాను, ఇంక ఏ మొహం పెట్టుకుని రాను? పిచ్చి మొక్క మొలిచిందన్నా చాలు, చేను పచ్చబడిందట అని చెప్పుకుని వచ్చేసేదాన్ని."

తిట్టు తల్లీ అన్నాను. కొట్టు అన్నాను. 

"ఆసుపత్రి నుంచి వచ్చాక అన్నయ్య ఎన్నాళ్ళున్నాడు?" అని అడిగింది.

"పదకొండు రోజులు."

"గరిక కబురు తెలిస్తే పొద్దున్నే పంటెక్కి, భోజనం వేళకి ఇక్కడుండేదాన్ని వదినా" అంది.